మోకరించని ఆదివారం

సున్నపు తొట్టిలో నానేసిన తోళ్లు లాగీ లాగీ మా అక్క అరచేతులు పుండ్లు పడ్డాయి. గ్లౌజులు ఇప్పించమని అడిగిందని కాంట్రాక్టరు ఆమెను పనిలోంచి తీసేసి గేటు బయటికి నెట్టించాడు. అందరం చూశాం. ఒక్కరమూ నోరెత్తలేదు. సిగ్గు లేకుండా మళ్లీ తొట్లలోకి దిగాం.

దిగామే గానీ మనసు కుదుటపడితే ఒట్టు. తోళ్ల ఫ్యాక్టరీలో నలుగురు ఆడవాళ్లం ఒకచోట చేరితే మేస్త్రీ తరుముతాడు. అందుకని మీటింగు పెట్టుకోవడానికి చర్చి హాలు ఇవ్వమని పాస్టరుగారిని అడిగాం. ఆయన చెడ్డ మనిషేం కాదు, పిరికి మనిషి. ఎన్నికల రోజుల్లో చర్చి రాజకీయాల జోలికి పోకూడదనీ, పోతే గుర్తింపు రద్దవుతుందనీ పైనుంచి వచ్చిన కాగితం చూపించారు. ప్రార్థన చేయొచ్చట, రోగుల్ని పలకరించొచ్చట, ఆకలితో వస్తే అన్నం పెట్టొచ్చట. తిరిగి వచ్చేశాం.

ఆ ఆదివారం ముందు వరసలో ఎవరు కూర్చున్నారనుకున్నారు? కాంట్రాక్టరే. ఎన్నికల్లో నిలబడ్డాడు, చర్చికి కొత్త పైకప్పు వేయిస్తానన్నాడు. పాస్టరుగారు అతన్ని వేదిక ఎక్కించి, ఈయన గెలుపు కోసం అందరూ మోకరించండి అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా అలవాటు కొద్దీ మోకాళ్లు వంచాను, ఏం చెప్పను!

అక్క మాత్రం నిలబడే ఉంది.

“అయ్యగారూ, మేం హాలు అడిగితే రాజకీయమన్నారు. మరి ఇదేంటి?”

“ఇది ప్రార్థనమ్మా,” అన్నారాయన, ఆమె వైపు చూడకుండా.

“అయితే నాదీ వినండి.” అక్క పుండ్లు పడిన చేతులు పైకెత్తింది. “ప్రభువా, గ్లౌజులడిగితే నా పని తీసేసినాయన ఇక్కడే ఉన్నాడు. ఆయన గెలవాలని నేను మోకరించను.”

నేను లేచాను. నా పక్కన, మాతోపాటు తోళ్లకు ఉప్పు రాసే ముసలమ్మ నడుం పట్టుకుని లేచింది. తర్వాత వరసలకు వరసలే లేచాయి. పాస్టరుగారు అక్క చేతుల వంక చూశారు.

“దిగండి సార్,” అన్నారు కాంట్రాక్టరుతో. “ఇక్కడినుంచి ఎవరి గెలుపూ కోరకూడదు. రూలు అందరికీ ఒకటే.”

బయటికొచ్చాక, రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటామని చెబితే, అక్కడిదాకా చర్చి మీతో రావడం కుదరదమ్మా అని గొంతు తగ్గించి చెప్పారు. మేం వెళ్తాం లెండి అన్నాను.

మర్నాడు పొద్దున సైరన్ మోగింది. అక్కను పనిలోకి తీసుకునేదాకా తోలు ముట్టేది లేదని గేటు దగ్గరే కూర్చున్నాం. గంట తిరక్కుండా పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు అక్క ఒక్కత్తినే ఎక్కమన్నాడు. ఆమె కంటే ముందు ముసలమ్మ మెట్టెక్కింది.

“ఇంకో బండి తెప్పించు నాయనా,” అంది వెనక్కి తిరిగి. “మేం చాలామందిమి.”