ఖాళీ లైను

మా ఆయన రిటైరై ఆరేళ్లయింది. బిట్రగుంట యార్డు మాత్రం ఆయన్ని వదల్లేదు, వెంట వచ్చి మా ఇంట్లో కాపురం పెట్టింది. మాకు వసారా మెయిన్ లైను, వంటగది లూప్ లైను. వసారాలో గుమ్మం పక్కన ఒక పేము కుర్చీ, అందులో జ్ఞానప్రకాశం గారు, మాజీ యార్డు మాస్టరు. ఆ కుర్చీ తీసేస్తే పాటల ప్రాక్టీసుకు వచ్చే ఆడవాళ్లు ఇంకో నలుగురు చాప మీద కూర్చోవచ్చు. ఖాళీగా కూర్చునే మనిషికి అంత చోటెందుకని వారానికొకసారైనా అంటాను. ఆయన పట్టించుకోరు.

నా పేరు రెజీనా. మా చర్చి స్త్రీల సమాజానికి పాటలు కట్టేది నేనే. స్వరాలు రాయడం నాకు చేతకాదు. అంట్లు తోముతుంటే బాణీ వస్తుంది, అప్పటికప్పుడు పట్టుకోకపోతే సబ్బునీళ్లతో పాటు తూములోంచి పోతుంది. అందుకే ఫోను వంటింటి కిటికీలో ఆనించి రికార్డు చేస్తాను. అలా అరవై మూడు పాటలయ్యాయి. కుక్కరు కూతలూ, కాకులూ, తువ్వాలు ఎక్కడుందని మా ఆయన వేసిన కేకలూ అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ పాటలు ఆ ఫోన్లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు.

ఫోను మొదట జడ్సన్‌ది. మా చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, కావలిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు నడుపుతాడు. తను వాడిన ఫోను నాకిస్తూ, ఇది రూటు చేసిన ఫోను, చూసుకుని వాడమన్నాడు. ఏ రూటో ఏమిటో అనుకుని తలూపాను. తర్వాత మా ఆయన చెప్పారు. మామూలు ఫోన్లో మనం అద్దెకున్నవాళ్లమట. రూటు చేసిన ఫోన్లో ఇంటిగలవాళ్లమట. ఏ గది తాళమైనా మన చేతిలోనే ఉంటుంది, గోడ కూల్చుకుంటే అడ్డుపడేవాడూ ఉండడు. నాకు ఇందులో మొదటి సగమే బుర్రకెక్కింది.

చర్చిలో కోత పండుగకు నెల రోజులుందనగా ఫోను మొండికేసింది. చోటు లేదంటుంది. గుడ్ మార్నింగు బొమ్మలన్నీ తీసేశాను. పాస్టరు గారి ప్రసంగాల వీడియోలు తీసేయమని మా ఆయన అన్నారు కానీ, అవి చెరిపేసి ఆదివారం ఆ మనిషి మొహం ఎలా చూసేది? కంపెనీవాడు పెట్టి పంపిన ఆటలూ అంగళ్లూ బోలెడున్నాయి. నేను ఒక్కనాడూ తెరవనివి. ఎంత నొక్కినా అవి మాత్రం పోవు.

సంగతేమిటో తేలుస్తానని మా ఆయన మూడు రోజులు జడ్సన్ షాపులో కూర్చుని వచ్చారు. వస్తూనే పాత క్యాలెండరు వెనక గీసిన పటం ఒకటి నా ముందు పరిచారు.

"ఇది ఒక గది గాదు రెజీనా, యార్డు. ముప్పై రెండు లైన్లుండాయి దీన్లో" అన్నారు. ఆరేళ్లలో అంత వెలుగు ఆ మొహంలో నేను చూడలేదు.

ఆ లైన్లను పార్టిషన్లంటారట. సిస్టం అనే లైన్లో కంపెనీవాడి సరుకు నిలబడి ఉంటుంది. డేటా అనే లైన్లో నా పాటలు. రికవరీ అనేది, బండి పట్టాలు తప్పినప్పుడు వచ్చే సహాయపు బండి. ఒక్కో లైనుకూ మధ్య గోడ. సిస్టం లైన్లో కంపెనీవాడి సరుకంతా దింపేసినా ఆ చోటు నా పాటలకు రాదు. గోడ జరపాలి. జరపాలంటే ముందు నా పాటలన్నీ బయటికి తీసి, లెక్క చూసి, పని అయ్యాక మళ్లీ లోపలికి పెట్టాలి. చెప్పిందంతా నాకు బాగానే అర్థమైంది. ఎప్పుడు చేస్తారంటే మాత్రం, ఒక రోజుకు ఒక పని అన్నారు. మొదటి శనివారం చిన్న లైన్లన్నిటికీ నకలు తీయడం, పాటలు తీసి గోడ జరపడం రెండో శనివారం.

పైగా ప్రైవేట్ నంబరొకటి. రైల్వేలో ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకు బండి వదలాలంటే ఈ మాస్టరు ఆ మాస్టరును ఫోన్లో అడుగుతాడు. ఆయన తన దగ్గరున్న కాగితంలోంచి రెండంకెల నంబరొకటి ఇస్తాడు. ఇద్దరూ రాసుకుంటారు. ఆ నంబరు లేనిదే బండి కదలదు. మా ఇంట్లోనూ అంతేనన్నారు. ఆయన దగ్గర ఒక రిజిస్టరు, నాకొక నోటుబుక్కు, నంబర్ల కాగితం. నావి రెండూ వేడి గిన్నెలు దింపుకోవడానికి బాగా పనికొచ్చాయి. ఆయన వసారాలోంచి అడిగితే వంటింట్లోంచి నోటికొచ్చిన నంబరు చెప్పేదాన్ని.

మొదటి శనివారం జడ్సన్ ల్యాప్‌టాప్ తెచ్చి చిన్న లైన్ల నకళ్లు తీసి ఫోను నా చేతికిచ్చేశాడు. వంటింట్లోకి వస్తూనే నాకు ఒక బాణీ తట్టింది. ఫోన్లో మిగిలింది ఒక్క పాట చోటు. ఆ పాటకదే సరి. కిటికీలో పెట్టి పాడుతున్నాను. "ఉప్పుగాలి వీచే వేళ ఉన్నావయ్యా" దగ్గరికి వచ్చేసరికి వసారాలోంచి కేక. నకళ్ల ఫైలుకు తాళం వేస్తున్నారట, నా ప్రైవేట్ నంబరు కావాలట. పలక్కపోతే మూడోసారి కూడా అరిచారు. ఆపితే పాట పాడవుతుంది, మళ్లీ తీయడానికి చోటు లేదు. ఒళ్లు మండి, రాగం తప్పకుండా నంబరు కూడా పాటలోనే పాడేసి తర్వాతి చరణంలోకి వెళ్లిపోయాను. అది అరవై మూడో పాట.

నకళ్లున్న మెమరీ కార్డును ఆయన కవర్లో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి, రేకు పెట్టెలో దాచారు. అరవై ఆరేళ్ల మనిషి కొవ్వొత్తి పట్టుకుని చిన్న కార్డుకు లక్క సీలు వేస్తుంటే నేను చూస్తూ నవ్వాను.

బుధవారం మధ్యాహ్నం కోత పండుగ పాట వచ్చింది. మూడు వారాలుగా ఎదురుచూస్తున్న బాణీ, పల్లవితో సహా దానంతటదే వచ్చి నిలబడింది. తడి చేతులతోనే ఫోను తీశాను. చోటు లేదంది. మా ఆయన కుర్చీలో గురక పెడుతున్నారు. గోడ మీద పటం వేలాడుతోంది. పందొమ్మిదో లైను, పేరు మెటాడేటా, పదహారు ఎంబీ. పక్కన ఎర్ర పెన్సిలుతో ఆయన రాత: 'ఖాళీగా కనిపించును. ముట్టుకొనరాదు.' నా పాట ఒక్కోటి నాలుగు ఎంబీ. నాలుగు పాటల చోటు ఊరికే పడి ఉంది, ముట్టుకొనరాదట. కుర్చీ వైపు చూశాను, పటం వైపు చూశాను. ఈయనకు ఖాళీగా ఉన్నవాటి మీదే ప్రేమ అనుకున్నాను.

లైన్లు చూపించే యాప్ జడ్సన్ ముందే పెట్టిపోయాడు. తెరిచాను. పందొమ్మిదో లైను మీద వేలు పెట్టి, తుడిచి నా పాటలకు సిద్ధం చేద్దామని ఫార్మాట్ అన్నదాన్ని నొక్కాను. అనుమతి ఇస్తారా అని అడిగింది. ఇంటిగలదాన్ని కదా, ఇచ్చాను. ఫోను ఆరిపోయి మళ్లీ వెలిగింది. నల్లటి తెర మీద ఇంగ్లీషులో రెండే మాటలు మిగిలాయి. ఒకటి, మళ్లీ ప్రయత్నించు. రెండోది, అంతా చెరిపేయి.

మొదటిది పదకొండుసార్లు నొక్కాను. నిద్రపోతున్న మనిషిని లేపడానికి మొహం చెల్లక చీర మార్చుకుని కావలి బస్సెక్కాను. దారి పొడుగునా రెండోది మాత్రం నొక్కనివ్వవద్దు తండ్రీ అని ప్రార్థన చేస్తూనే ఉన్నాను. బాణీ అప్పటికే పోయింది. దాని గురించి ఏడవడానికి కూడా నాకు తీరిక లేదు.

జడ్సన్ ఫోనును ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాడు.

"పాటలు యాడికీ పోలేదమ్మా, లోపల్నే ఉండాయి. వాటికి తాళం వేసుండాది. ఆ తాళంచెవి ఉండేది ఈ పందొమ్మిదో లైన్లోనే" అన్నాడు.

తాళంచెవి మళ్లీ చేయించలేమా అంటే లోకంలో ఎవరి వల్లా కాదన్నాడు. ఉన్నది ఒకే దారి, సార్ తీయించి దాచిన నకలు. అప్పుడు ఏడ్చాను. గిరాకీలు చూస్తున్నా ఆగలేదు. జడ్సన్ ఫోనే తీసుకుని మా ఆయనకు చేసి, పందొమ్మిదో లైను నేను తీసేశానని చెప్పాను.

"దాన్ని ఎవుర్నీ ముట్టుకోనియ్యొద్దు. నేను వస్తాండా" అన్నారు.

గంటలో వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చంకలో రిజిస్టరు, చేతిలో సీలు వేసిన కవరు. నా మొహం చూడలేదు. సీలు చెదరలేదని ముందు జడ్సన్‌కు చూపించి, ఆ తర్వాతే పగలగొట్టారు. కార్డు పెడితే ల్యాప్‌టాప్ నాలుగంకెల తాళం అడిగింది. మొదటి రెండూ ఆయనవి, తర్వాతి రెండూ నావి. ఆయన రిజిస్టరు తెరిచి ఎనభై రెండన్నారు. నా నంబరు తను రాసుకోలేదా అని గుడ్లప్పగించాను. తాళం వేసినప్పుడు ఒకరి నంబరు ఇంకొకరి పుస్తకంలో ఉండకూడదట.

నా పుస్తకం గిన్నెల మసితో ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయిందని చెప్పాను. గుర్తు తెచ్చుకోవాలని చూస్తే ముప్పై ఆరంటుంది నోరు, కాదు అరవై మూడంటుంది. సున్నా సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా వరసగా కొట్టి చూద్దాం సార్ అన్నాడు జడ్సన్, పది నిమిషాల పనేనట.

"ప్రైవేట్ నంబరు ఊహించేది గాదు జడ్సన్. ఇచ్చేది" అన్నారు మా ఆయన. అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగారు. "ఆ రోజు నువ్వు చెప్పలా రెజీనా. పాడినావు. ఇప్పుడూ పాడు."

షాపు నిండా జనం. ఒకాయన అద్దం పగిలిన ఫోను పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు మూసుకుని మొదటి నుంచీ ఎత్తుకున్నాను. రాగం తప్పలేదు. చరణం వచ్చింది.

"ఉప్పుగాలి వీచే వేళ ఉన్నావయ్యా... నలభై ఏడయ్యా..."

పగిలిన ఫోను ఆయన తన్మయంగా స్తోత్రం అన్నాడు. జడ్సన్ ఎనభై రెండు, నలభై ఏడు కొట్టాడు. తాళం తెరుచుకుంది. పందొమ్మిదో లైను ఎక్కడిదక్కడ పెట్టి ఫోను వెలిగిస్తే, కంపెనీ బొమ్మ తిరిగీ తిరిగీ నా మనవరాలి ఫొటో వచ్చింది. మా ఆయన పాటలన్నీ ఒక్కొక్కటే పెన్సిలుతో టిక్కు కొడుతూ లెక్కపెట్టారు. అరవై మూడు. అప్పుడే ఆయన షాపు కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు.

తిరుగు బస్సులో తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. కిటికీలోంచి రైలు పట్టాలు కనిపించినప్పుడల్లా అటు చూస్తున్నారు. ఆయనకొక కథ ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతారు. నేను కనీసం మూడొందలసార్లు విన్నాను, ఎప్పుడూ సగంలో లేచి పొయ్యి చూడ్డానికి పోయాను.

"ఆ ఇసుక లైను కథ చెప్పండి" అన్నాను.

ఆయన నమ్మనట్టు చూసి, చెప్పారు. వయసులో ఉన్నప్పుడు పనిచేసిన ఒక స్టేషన్లో, పక్క లైను చివర ఇసుక పోసిన చిన్న లైనొకటి ఉండేది. ఏ బండీ అక్కడికి పోదు. ఎప్పుడూ ఖాళీ. పై ఆఫీసరొకడు వచ్చి, దండగ, పీకేయమన్నాడు. ఈయన ఒప్పుకోలేదు, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆపారు. తర్వాత ఒక గాలివానలో నాలుగు వ్యాగన్లు తమంతట తాము కదిలి వస్తే ఆ ఇసుకే వాటిని పట్టుకుంది. అవతల మెయిన్ లైన్లో పాసింజరు బండి నిండా మనుషులున్నారు.

"ఆఫీసరుతో ఏమన్నానంటే" అని ఆగారు. నేను లేచి పోతాననుకున్నారు కాబోలు. బస్సులో పొయ్యి లేదు కదా. "ఖాళీగా ఉండేదే దాని డ్యూటీ సార్, అన్నాను."

ఆరేళ్లుగా నేను ఖాళీ ఖాళీ అని దెప్పిన మనిషి భుజం మీద తల ఆనించి బిట్రగుంట దాకా వచ్చాను. కండక్టరు చూశాడు, చూస్తే చూడనీ అనుకున్నాను.

శనివారం ఆయన పద్ధతి ప్రకారమే పాటలన్నీ జడ్సన్ ల్యాప్‌టాప్‌లోకి వెళ్లాయి, గోడ జరిగింది, పాటలు తిరిగొచ్చాయి. అరవై మూడుకు అరవై మూడు. పందొమ్మిదో లైను ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. ప్రాక్టీసుకు వచ్చిన అబిగయీలు ఆ పేము కుర్చీ కొంచెం జరుపుదామా అక్కా అంటే, జరపడానికి వీల్లేదని చాప వంటింట్లోకి కూడా పరిచాను.

కోత పండుగ బాణీ సోమవారం మళ్లీ వచ్చింది, నా మీద దయ తలచి. ఫోను కిటికీలో పెట్టి మొదలుపెట్టాను. వసారాలో కేకల్లేవు, దగ్గు కూడా లేదు. నా పాట పాడవకూడదని ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నారని నాకు తెలుస్తూనే ఉంది. చరణం చివరికి వచ్చాక ఇక ఉండబట్టలేదు. ఎవరూ అడగకుండానే, రాగం తప్పకుండా, "యాభై రెండయ్యా" అని పాడాను.

వసారాలో రిజిస్టరు తెరిచిన చప్పుడైంది.