బొమ్మకో ఏడాది

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి భార్యాభర్తలిద్దరూ కలిసే స్టూడియోకి నడిచి వచ్చేవాళ్లు. గేటు దాటాక ఆయన గాజుకప్పున్న షెడ్డులోకి, ఆమె ఎదురుగా ఉన్న ఎడిటింగ్ గదిలోకి. ఆయన డైరెక్టరు. ఆయన తీసినదాన్ని ఆమె కోసి అతికించేది. మూగ సినిమాల రోజులవి. సినిమాని అందరూ బొమ్మ అనేవాళ్లు. ఎవరైనా రెండు మూడు నెలలు తీసే బొమ్మని ఈయన మూడు వారాల్లో ముగించేవాడు. అందుకే స్టూడియోలో ఆయనకి 'మూడువారాలాయన' అన్న పేరు స్థిరపడిపోయింది.

మొదట్లో ఆయన అలా లేడు. ఒక్క షాటు కోసం రెండు రోజులు మబ్బులవంక చూస్తూ కూర్చునే మనిషి. ఆరేళ్ల కూతురు పోయాక మారాడు.

పాప పోయిన రెండో నెలలో ఆయన తీసిన బొమ్మ ల్యాబులోంచి వచ్చింది. ఆమె ఫిల్ముని వెలుతురుకి పట్టి చూస్తోంది. అంగడి సీను. జనం మధ్య, గంపల పక్కన పాప నిలబడి ఉంది. నవ్వుతోంది. ముందుపళ్లు రెండు ఊడి కొత్తవి మొలుస్తున్నాయి. బతికుండగా ఆ పళ్లు ఊడనేలేదు.

ఆమె కత్తెర పక్కన పెట్టి షెడ్డులోకి వెళ్లింది. "ఏమండీ, పాపకి ఏడో ఏడు వచ్చింది," అంది.

ఆయన వచ్చి చూశాడు. స్టూడియో యజమానీ వచ్చి చూశాడు. "బాగా ఎదిగింది. ఆ ముక్క తీసేయకమ్మా," అని తన పనిమీద తాను వెళ్లిపోయాడు.

అప్పట్నించీ ఆయన తీసే ప్రతి బొమ్మలోనూ పాప ఎక్కడో ఒకచోట ఉండేది. షూటింగులో ఎవరికీ కనపడదు, ఫిల్ము కడిగాకే కనపడుతుంది. బొమ్మకో ఏడాది పెరిగేది. "ఈసారి రెండు జడలమ్మా. మూడో రీలు, మెట్ల దగ్గర," అంటూ ల్యాబు ముసలాయన రీళ్లు ఇచ్చి వెళ్లేవాడు. "నా పక్కనే నిలబడిందట, తెలిస్తే కాస్త జరిగేదాన్ని," అని హీరోయిన్ నొచ్చుకునేది.

ఇక ఆయన ఆగలేదు. దొంగల కథ ఇచ్చినా, కత్తుల కథ ఇచ్చినా, తలాతోకా లేని కథ ఇచ్చినా సరేనన్నాడు. చేతిలో పనితనం పోయిందని పత్రికలు రాశాయి. ఆయన చదవలేదు.

రెండేళ్లలో పాప పదిహేడేళ్ల పిల్లయింది. ఒక వానసీనులో పొడుగాటి కుర్రాడి గొడుగు కింద నడిచింది. ఆ రోజు ఇద్దరూ రీలు ముందునించి లేవలేదు, అన్నం సంగతే మర్చిపోయారు.

"ఎవడు వీడు?" అన్నాడు ఆయన.

"గొడుగంతా దానివైపే పట్టాడు. వాడి భుజం తడిసి ముద్దవుతోంది చూడండి. మంచివాడే."

"చెవులు మరీ అంతేసి."

"మీవి ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నారా?"

పాప పోయాక ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

తర్వాత బొమ్మల్లో ఆ కుర్రాడి పక్కనే, చంకన బిడ్డతో కనిపించింది. బిడ్డ నడిచింది, పరుగెత్తింది, పెద్దదయ్యాక కనపడటం మానేసింది. ముప్ఫై నాలుగో బొమ్మ రీలు చూసిన రోజు ఆమె కత్తెర ముట్టుకోలేదు.

"దానికి నలభై నిండాయి. నాకింకా ముప్ఫై ఎనిమిదే," అంది. "కాస్త నెమ్మదిగా తీయండి."

"తీయకపోతే చూసేదెలా?"

"మీరు చూసినప్పుడల్లా దానికో ఏడు ఖర్చయిపోతోందండీ."

అయినా ఆయన నెలతిరక్కుండా ఇంకో బొమ్మ మొదలుపెట్టాడు.

ఒక బొమ్మలో అల్లుడు చేతికర్రతో కనిపించాడు. ఆ తర్వాతి బొమ్మలో లేడు. ఏ జబ్బు చేసిందో, ఎవరు చూసుకున్నారో తెలీలేదు. కూతురు ఒంటరిగా బల్లమీద కూర్చుని ఉంది. తల్లి ఆ ముక్క మీద చెయ్యి వేసింది. అంతకు మించి ఓదార్చే దారి లేకపోయింది.

పాప పోయి పన్నెండేళ్లయింది. అరవై మూడో బొమ్మలో కూతురికి అరవై తొమ్మిదేళ్లు, తల ముగ్గుబుట్ట. నాలుగు అడుగులు వేసి, గోడ పట్టుకుని ఆయాసపడింది.

ఆ వారమే యజమాని పిలిపించాడు. "బొమ్మలకి మాటలొస్తున్నాయయ్యా. కిటికీల్లేని కొత్త షెడ్డు కట్టించాను. మొదటి టాకీ నువ్వే తీయాలి. దీంతో నీ పేరు నిలిచిపోతుంది."

ఆయన చెవిలో పడింది 'మాటలు' అన్న ఒక్క ముక్కే. పాపది గొంతు జబ్బు. చివరి మూడు రోజులూ మాట పడిపోయింది. ఏదో చెప్పాలని పెదాలు కదిపింది. నీళ్లా, ఆడుకునే బొమ్మా, ఇంకేదన్నానా అని ఇద్దరూ అడిగి అడిగి అలసిపోయారు. అన్నిటికీ కాదని తలూపింది.

"ఈ ఒక్కటీ తీయండి," అంది ఆమె, ఆయన సంగతి చెప్పగానే. "ఒక్క మాట విని ఊరుకుందాం."

మొదటి రోజు మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది. సౌండు మనిషి చెయ్యెత్తగానే సుత్తుల చప్పుడు ఆగింది, కబుర్లు ఆగాయి. అందరూ డైరెక్టరు నోటివంక చూస్తున్నారు. ఆయన కళ్లముందు గోడ పట్టుకున్న ఆ చెయ్యి ఉంది. ఎముకలూ నరాలూ. నోరు తెరిచాడు, మూశాడు.

"నువ్వు తీయి," అన్నాడు అసిస్టెంటుతో.

"గురువుగారూ, నావల్ల కాదు..."

"అవుతుంది."

ఎడిటింగ్ గదిలో ఆమె ఆత్రంగా లేచింది. "అయిందా మొదటి షాటు?"

"నేను తీయను. ఇంకో ఏడు అది మోయలేదు."

ఆమె ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుంది. కొట్టబోతోందనుకున్నాడు. కొట్టలేదు. అలాగే నేలమీదికి జారి కూర్చుంది.

టాకీ విరగబడి ఆడింది. అసిస్టెంటు పెద్ద పేరున్న డైరెక్టరయ్యాడు. మూడువారాలాయన మాటలకి జడిసి పారిపోయాడని చెప్పుకున్నారు. ఆయన కాదనలేదు. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాడు.

ఒక పగటి ఆటకి ఇద్దరూ ఆ టాకీ చూడబోయారు. తెరమీద మనుషులు మాట్లాడుతుంటే హాలంతా కేకలు, ఈలలు. వాళ్లిద్దరూ మాత్రం ఒక్క మాటా వినలేదు. గుంపు వచ్చినప్పుడల్లా ఒక్కో మొహమే వెతికారు.

దీపాలు వెలిగాయి. జనం వెళ్లిపోయారు.

"లేదండీ," అంది ఆమె.

"లేదు."

"అయితే ఇంకా అరవై తొమ్మిదే."

ఆయన తలూపాడు. ఆమె ఆయన భుజంమీద తల వాల్చి ఏడ్చింది. హాలు ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని వచ్చి, వాళ్లని చూసి, అవతలి చివరి వరసనించి మొదలుపెట్టింది.