ఆ అమ్మాయినే చెప్పనివ్వండి

ఇంట్లోకి చేరిన బురద కడుగుతుంటే, "నువ్వెళ్లకపోతే వరద తగ్గనంటుందా?" అన్నాడు మా ఆయన. అత్తగారు నవ్వారు. నా నర్సు ఉద్యోగం వాళ్లకి మొదటినుంచీ కాలక్షేపంలాగే కనిపిస్తుంది. గదులన్నీ శుభ్రం చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్లలోతు నీళ్లలో క్లినిక్‌కి నడిచాను.

క్లినిక్‌లో ఉన్నది డాక్టరమ్మ, నేను, ఆయా. వరండా నిండా జ్వరాలు, దెబ్బలు. ఆ రద్దీలో ఒకతను ఒక అమ్మాయిని తీసుకొచ్చి, తన భార్యన్నాడు. వంట చేస్తూ చెయ్యి కాల్చుకుందట. ఎప్పుడు కాలిందని ఆమెను అడిగితే అతనే చెప్పాడు. నొప్పిగా ఉందా అంటే అదీ అతనే చెప్పాడు. గాయాలన్నీ గుండ్రంగా, ఒకేలా ఉన్నాయి. పొయ్యి దగ్గర కాలని చోటు నా చేతుల మీద లేదు. పొయ్యి అలా కాల్చదు.

"ఆ అమ్మాయినే చెప్పనివ్వండి. మీరు బయట కూర్చోండి," అన్నాను.

"దానికి మాట్లాడటం రాదు," అన్నాడు.

"గాయం కడగడానికి మాటలక్కర్లేదు," అని తెర లాగేశాను.

గాయం మీద నీళ్లు పోస్తూ, ఇంటికి వెళ్లాలనుందా అని మెల్లగా అడిగాను.

"అది మా ఇల్లు కాదక్కా," అంది.

సహాయ శిబిరంలో తనవాళ్ల కోసం వెతుక్కుంటుంటే పని ఇప్పిస్తానని తీసుకెళ్లాడట. పగలంతా గదికి తాళం, సాయంత్రమైతే ఎవరెవరో మగవాళ్లు. కాదన్నందుకు సిగరెట్టుతో కాల్చాడు. నీకిష్టమైతేనే పోలీసులకు చెబుతామన్నాను. కాలిన తన చేతిని చూసుకుంది.

"చెప్పండి. ఇంకో ఇద్దరమ్మాయిలు ఆ గదిలోనే ఉన్నారు."

డాక్టరమ్మ ఫోన్ చేస్తుండగానే అతను తెర తొలగించి, తన పెళ్లాన్ని తీసుకెళతానన్నాడు. నేను అడ్డంగా నిలబడి, కట్టు కట్టడం కాలేదన్నాను. ఆయా తన స్టూలు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. పోలీసులు వచ్చేదాకా లేవలేదు. వాళ్లు అతన్ని పట్టుకెళ్లి, సాయంత్రానికి ఆ ఇద్దరినీ కూడా క్లినిక్‌కి తీసుకొచ్చారు.

ఇలాంటి అమ్మాయిలకు ఆశ్రయం ఇచ్చే చోటికి దారి మునిగిపోయింది. రాత్రికి వాళ్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మా ఆయన, డాక్టరమ్మ నన్ను అడగకముందే, "ఈవిడకి కుదరదండీ," అన్నాడు.

"కుదురుతుంది," అన్నాను, డాక్టరమ్మతోనే.

తెల్లవారాక మా ఆయన ఇంటినుంచి ఫోన్ చేసి, చక్కెర ఎక్కడ పెట్టావన్నాడు.

"వెతకండి, దొరుకుతుంది. శిబిరాలు ఎత్తేసేదాకా క్లినిక్‌లో రాత్రి డ్యూటీలు నావే," అని ఫోన్ పెట్టేసి, ఆయా అందించిన టీ వేడివేడిగా తాగాను.