ముద్దాయి నిద్రపోయాడు

సార్జెంట్ రేజాన్ కోర్మియే మా క్లినిక్ తలుపు తోసుకుని లోపలికి వచ్చినప్పుడు నేను కాఫీ తాగుతున్నాను. పన్నెండేళ్ళ తర్వాత చూస్తున్నా గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. కాందహార్‌లో నా సాక్సులోంచి గోళీ అంత చరస్ ఉండ బయటికి లాగి, నన్ను సైన్యంలోంచి ఇంటికి సాగనంపిన మిలిటరీ పోలీసు ఆయనే. ఆ మహానుభావుడు ఇప్పుడు గంజాయి నూనె కోసం డాక్టరు రాసిన చీటీ పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

సైనిక స్థావరాన్ని ఆనుకుని ఉన్న మా ఒరొమొక్టో ఊళ్ళో సైన్యంతో సంబంధం లేని ఇల్లు లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చి నిద్రపట్టక అల్లాడే వాళ్ళకి ఆ నూనె ఎలా వాడాలో నేర్పడమే నా ఉద్యోగం. డాక్టరమ్మ రాస్తుంది, నేను చూపిస్తాను.

"జేబులు ఖాళీ చేసి కూర్చోండి సార్జెంట్," అన్నాను.

పాపం, ఆయన చెయ్యి నిజంగానే జేబులోకి వెళ్ళింది. తర్వాత నా మొహం పరకాయించి చూసి, "నేసన్," అన్నాడు. "వెండెల్ నేసన్. ఎడమ సాక్సు."

నాకు ఒళ్ళు మండింది. నా బతుకంతా ఈయనకి ఒక సాక్సుగా గుర్తుందన్నమాట. వేరే క్లినిక్‌కి పొమ్మని చెబుదామని నోటిదాకా వచ్చింది. అప్పుడే ఆయన వెనక నుంచి సన్నగా, పొట్టిగా ఉన్న ఒకావిడ ముందుకొచ్చి తన పేరు ఒడెట్ అనీ, ఈయన భార్యననీ చెప్పింది. కుర్చీ లాక్కుంటుంటే చూశాను, ఆవిడ ఎడమ మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది.

సంగతంతా ఆవిడే చెప్పింది. కాందహార్‌లో చనిపోయిన కుర్రాళ్ళ సామాన్లు పెట్టెల్లో సర్ది, జాబితా రాసి ఇళ్ళకి పంపించే పని ఈయనది. గడియారం ఒకటి, ఉత్తరాలు నాలుగు, అలాగన్నమాట. ఇప్పుడు ఆ కుర్రాళ్ళు కలలోకి వచ్చి ఏదో ఒకటి తక్కువైందని అడుగుతారట. రెండేళ్ళ కిందట అలాంటి కలలోనే పక్కనున్న భార్య చెయ్యి పట్టి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడుకి ఆయనకి మెలకువొచ్చింది. ఆ మర్నాటి నుంచి పడక సెల్లార్‌లోకి మార్చేసి, లోపల గడియ పెట్టుకుంటున్నాడు.

"చెయ్యి ఎప్పుడో అతుక్కుంది," అంది ఒడెట్. "గడియ మాత్రం తియ్యడు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం బాబూ. నాకు కావాల్సింది పక్కన మొగుడు. ఈ మందు పనిచేస్తే పైకి వస్తానని మాటిచ్చాడు."

సార్జెంట్ గోడ వంక చూస్తున్నాడు. నా వైపు తిరిగి, "నేను క్షమాపణ అడుగుతానని చూస్తున్నావేమో. అడగను. అప్పుడది నేరం, ఇప్పుడిది మందు. రెండుసార్లూ రూలు ప్రకారమే నడిచాను," అన్నాడు.

"నేనూ రూలు ప్రకారమే నేర్పుతాను, నోరు తెరవండి," అన్నాను. ఆయన కోసం కాదు. ఆ మణికట్టు చూశాక పొమ్మనడానికి నాకు నోరు రాలేదు.

నాలుక కింద రెండు చుక్కలు, పడుకునే ముందు. వారం దాకా పెంచకూడదు. వేసుకున్నాక కారు ముట్టుకోకూడదు. ఇది అందరికీ పడదనీ, గుండె దడగా ఉంటే వెంటనే ఆపి ఫోన్ చెయ్యాలనీ చెప్పాను. ఏ రాత్రి ఎంతసేపు నిద్రపట్టిందో రాసి తెమ్మన్నాను. ఆయన పాత పోలీసు నోటుబుక్కు తీసి, నేను చెప్పిన ప్రతి ముక్కా వాంగ్మూలంలా రాసుకుని, కింద నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

సరిగ్గా నెలకి ఇద్దరూ మళ్ళీ వచ్చారు. సార్జెంట్ మొహం తేటపడింది, కళ్ళ కింద సంచులు తగ్గాయి. నూనె సీసాని మాత్రం పోలీసు సాక్ష్యంలాగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సీలు వేసి, దాని మీద తేదీ, టైము, సంతకం పెట్టుకుని తెచ్చాడు. రోజూ సీలు విప్పడం, మళ్ళీ వెయ్యడం. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయనకి కోపం రాలేదు సరికదా, గర్వంగా నోటుబుక్కు నా ముందు పెట్టాడు.

"మూడో వారం నుంచి పైనే పడుకుంటున్నాను. పద్ధతిగా ఉండాలని ఒడెట్‌ని సాక్షిగా పెట్టుకున్నాను," అన్నాడు.

తెరిచి చదివాను. "రాత్రి పదకొండూ పది. ముద్దాయి రెండు చుక్కలు తీసుకున్నాడు." ఇది ఆయన చేతిరాత. తన గురించే ముద్దాయి అని రాసుకున్నాడు. దాని కింద గుండ్రటి అక్షరాలు, ఒడెట్‌వి. "పన్నెండున్నర. ముద్దాయి నిద్రపోయాడు. ఒంటిగంటా నలభై. నిద్రలోనే ఉన్నాడు. మూడు. పక్కకి తిరిగాడు. అరవలేదు. నాలుగుంబావు. నిద్రలోనే ఉన్నాడు."

పేజీ తిప్పాను. ఆ రాత్రీ అంతే. మరుసటి రాత్రీ అంతే. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. తలెత్తి ఒడెట్‌ని చూశాను. కిందటి నెలలో సార్జెంట్ కళ్ళ కిందున్న సంచులు ఇప్పుడు ఆవిడ కళ్ళ కింద ఉన్నాయి.

"సార్జెంట్," అన్నాను, "ఈ టైములు మీరు చదివారా?"

"చదవకేం? ఒక్కసారి కూడా అరవలేదు."

"మీ సంగతి కాదు. రాసినావిడ సంగతి."

ఆయన నోటుబుక్కు తన వైపు తిప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ సాక్సులు వెతికిన మనిషి, తన ఇంట్లో సాక్ష్యాన్ని మొదటిసారి చూశాడు. ఒక్కో టైము మీదా వేలు పెట్టి చదివాడు.

"ఒడెట్, నువ్వు పడుకోవడం లేదా?"

"నువ్వే కదా సాక్షివన్నావు," అని ఆవిడ నవ్వబోయింది. తర్వాత మెల్లగా చెప్పింది. "పడుకోవాలనే చూస్తాను రేజాన్. నీ ఊపిరి వినబడకపోతే లేస్తాను. వినబడితే ఎప్పుడు అరుస్తావోనని లేస్తాను. నువ్వు తిరిగొచ్చిన నాటి నుంచీ ఇంతే. కింద ఉన్నప్పుడు మెట్ల మీద కూర్చుని వినేదాన్ని."

మెట్ల మాట ఆయనకి తెలియదు. గడియకి ఆవల ఆవిడ హాయిగా నిద్రపోతోందనుకున్నాడు రెండేళ్ళూ. "ఈ రాత్రి కాపలా నాది. నువ్వు పడుకో," అన్నాడు.

"మరి నీ మందు?"

"ఒక్క రాత్రికి ఏం కాదు. మేలుకోవడం నాకు బాగా వచ్చు."

ఆవిడ సరేనని తల ఆయన భుజానికి ఆనించింది, ఒక్క నిమిషం కోసమే అన్నట్టు. రాత్రిదాకా ఆగలేదు. అక్కడే, ఆ గట్టి కుర్చీలో, పొద్దున్న పదకొండు గంటలకి, నోరు కొంచెం తెరిచి నిద్రపోయింది.

సార్జెంట్ కదలలేదు. ముక్కు మీద దురద పెట్టినట్టుంది, గోక్కోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా ఆ భుజం కదపలేదు. పన్నెండేళ్ళు ఆ మనిషిని తిట్టుకున్నాను, ఆవిడ నిద్రపోయిన ఆ గంటన్నరలో ఒక్క తిట్టూ గుర్తురాలేదు. మధ్యలో వచ్చిన ఇంకో పేషెంటుని చప్పుడు చెయ్యకుండా డాక్టరమ్మ గదిలోకి పంపించి, తిరిగొచ్చి టేబుల్ మీది ఫోన్ మోగకుండా వైరు పీకేశాను.