హెడ్లర్ గారు కుర్చీ దిగిన రోజు

యుద్ధం ముగిసిన నాలుగో ఏడు. జర్మనీలో నది ఒడ్డున ఉన్న మా చిన్న ఊరి కోర్టులో నేను టైపిస్టుని. ఆ వారం బ్రేమ్ అనే కసాయి మీద విచారణ జరుగుతోంది. ప్రహరీగోడ తగాదాలో కక్షగట్టి, గడియారాలు బాగుచేసే పక్కింటి వైట్ శత్రుదేశపు రేడియో వింటున్నాడని నాజీల కాలంలో అతను పోలీసులకు ఉత్తరం రాశాడు. వైట్ రెండేళ్లు జైల్లో మగ్గాడు.

"రేడియో వినడం అప్పుడు నేరం. ఉన్న చట్టం ప్రకారమే చెప్పాను. దానికి ఇప్పుడు శిక్షేంటండీ?" అన్నాడు బ్రేమ్.

మధ్యాహ్నం తమ గదిలో బంగాళాదుంపల సూపు తాగుతూ జడ్జీలిద్దరూ వాదించుకున్నారు. నేను పక్కనే కాగితాలు సర్దుతున్నాను. పెద్దాయన హెడ్లర్. చిన్నాయన మైస్నర్, ఒకప్పటి ఆయన శిష్యుడు.

"గురువుగారూ, అన్యాయం అంత హద్దు మీరాక దాన్ని చట్టమని ఎలా అంటామండీ?"

"చట్టమేనయ్యా. దుర్మార్గపు చట్టం. నచ్చనిది చట్టమే కాదంటూ పోతే రేపు ఎవడికి తోచింది వాడంటాడు."

"అయితే వీణ్ణి వదిలేద్దామా?"

"వదలమన్నానా? ఇప్పుడు కొత్త చట్టం చేసి, పాత పనికి శిక్ష వేస్తున్నామని పైకి చెప్పండి. అందులో ఉన్న తప్పు కూడా ఒప్పుకోండి. అంతేగానీ అప్పుడు చట్టమే లేదని అబద్ధం వద్దు." ఆయన చెంచా కింద పెట్టారు. "నీ మాట నాకు భలే సుఖంగా ఉంటుంది మైస్నర్. అందుకే భయం."

ఆ భయమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. కోర్టు మళ్లీ మొదలవగానే ఆయన లేచి నిలబడ్డారు.

"ఈ రేడియో చట్టం కిందే అప్పట్లో నేను పదకొండు మందిని జైలుకు పంపాను. అది చట్టం కాదని ఇప్పుడంటే నేనూ మోసపోయినవాణ్ణి అవుతాను. మోసపోలేదు. చట్టమని తెలుసు, చెడ్డదనీ తెలుసు. చట్టమైనంత మాత్రాన పాటించి తీరాలని లేదు. ఆ రోజే కుర్చీ దిగాల్సింది. ఈ కేసు వినే అర్హత నాకు లేదు."

ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు టైపు చేశాను.

"మరి ఆయన్ని వదిలి నన్నొక్కణ్ణే పట్టుకుంటారేం?" అన్నాడు బ్రేమ్.

వెనక బల్ల మీంచి వైట్ నెమ్మదిగా అన్నాడు: "ఆయన ఒప్పుకున్నాడు బ్రేమూ. నువ్వింకా ఆ గోడ తగాదా దగ్గరే ఉన్నావ్."

హెడ్లర్ స్థానంలో మరొకర్ని వేశారు. అంత ఘోరమైన ఆజ్ఞ చట్టమే కాదంటూ మైస్నర్ తీర్పు రాశాడు. బ్రేమ్‌కు ఏడాదిన్నర పడింది. హెడ్లర్ ఉద్యోగం వదిలేసి, ఆ పదకొండు ఇళ్లకూ స్వయంగా వెళ్లారు. నాలుగిళ్లవాళ్లు మొహం మీదే తలుపేశారు. ఒకావిడ కాఫీ ఇచ్చిందిగానీ కూర్చోమనలేదు.

నేను టైపు చేసిన తీర్పు ప్రతిని మైస్నర్ ఆయనకు తీసుకెళ్లి చూపించాడు, నేనూ వెంట ఉన్నాను. ఆయన పెన్సిలు పట్టుకుని చివరిదాకా చదివారు, రెండు చోట్ల కామాలు దిద్దారు.

"తీర్పు తప్పురా అబ్బాయ్," అన్నారు. "కానీ ఆ రోజుల్లో నా బదులు నువ్వు ఆ కుర్చీలో ఉండుంటే బాగుండేది."