కెమెరా కోసం ఒక అంగుళం

బస్సు డ్రైవరు కొత్త ప్యాంటు తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"ఏం మాస్టారూ, నా మీద ఏమన్నా కోపమా? ఇది వేసుకుని క్లచ్ తొక్కితే గుండీ తెగి ముందు అద్దానికి తగిలింది."

మిషను దగ్గరున్న మా అక్క పకపకా నవ్వింది. "మా వాడికి చూపు మందగించిందిలే అన్నయ్యా. మొన్న డాక్టరుగారి ప్యాంటూ ఇంతే!"

నాకు నవ్వు రాలేదు. చేతిలో పనితనం పోయిందేమోనన్న అనుమానం దర్జీని నిద్రపోనివ్వదు.

నడుం కొలవడంలో నాదో పద్ధతి. టేపు చుట్టగానే అంకె చూడను. ఇంటి సంగతులు అడుగుతాను. పిల్లల చదువు, అత్తగారి అలక, పై అధికారి పిసినారితనం. మాటల్లో పడి మనిషి ఎక్కడో ఒకచోట తనను తాను మరిచిపోతాడు. బిగబట్టిన ఊపిరి వదిలేస్తాడు. పొట్ట తన చోటికి తాను వస్తుంది. అప్పుడు చూస్తాను అంకె.

ఆ వేసవిలో ప్రభుత్వం ప్రతి కొట్లోనూ కెమెరా పెట్టించింది. బొమ్మతోపాటు మాటలు కూడా కంట్రోల్ రూముకి వెళ్తాయట. మాది ఒకే గది. కెమెరా సరిగ్గా కొలతలు తీసే చోటికి ఎదురుగా వచ్చింది. తీసేస్తే లైసెన్సు రద్దు.

డ్రైవరుని మళ్ళీ నిలబెట్టి టేపు చుట్టాను. "మీ అత్తగారు ఎలా ఉన్నారు?" అని అడిగాను. మామూలుగా ఆ ప్రశ్నకి అరగంట తిట్లు వినాలి.

అతని కళ్ళు గోడ మీది కెమెరా వైపు వెళ్ళాయి. "బాగున్నారండీ. చాలా మంచావిడ," అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. పొట్ట వెళ్ళి వెన్నుకి అంటుకుంది.

నా చేతిలో లోపం లేదన్నమాట! ఆ సంతోషంలో మిగతాదేదీ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ప్రతి నడుముకీ ఒక అంగుళం కలిపి కత్తిరించాను. బట్టలు చక్కగా సరిపోయాయి. "ఇప్పుడు దారిలో పడ్డావు," అంది అక్క.

ఆ తెలివే నన్ను పట్టించింది. ఒక ఉదయం స్నానానికి చొక్కా విప్పి అద్దంలో చూసుకున్నాను. నా పొట్ట లోపలికే ఉంది. తలుపు గడియ వేసి ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎవరి కోసం బిగబట్టాను? వదులుదామనుకుంటే ఎలా వదలాలో వెంటనే తోచలేదు. ఈమధ్య ఎవరినీ ఏ సంగతీ అడగడం లేదని కూడా అప్పుడే గుర్తించాను. అంగుళం కలిపితే చాలు కదా, ఇక అడగడమెందుకు? మనుషుల భయాన్ని కొలిచి, దానికి సరిపడా గుడ్డ వదులుతున్నాను. అది బాగా కుదురుతోంది కూడా.

కొట్టు తెరవగానే స్టూలు ఎక్కి కెమెరా మరలు విప్పాను.

"ఒరేయ్, దిగరా! కొట్టు మూయిస్తారు!" అక్క స్టూలు పట్టుకునే తిట్టింది.

"మూస్తే మీ వరండాలో కుట్టుకుందాం."

"నా వరండా ఎవడిచ్చాడు నీకు?" అంది. కానీ కిందికి దించిన కెమెరాని అందుకుంది.

మధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడే. నిలబడే మాట్లాడాడు.

"అందరూ పెట్టుకున్నారు. నీ ఒక్కడికే ఏమిటయ్యా దాపరికం?"

"నాకేం లేదు సార్. ఇక్కడికొచ్చేవాళ్ళకి ఉంటుంది. ఉండాలి కూడా."

"ఎంత ఉండాలేం?"

"కనీసం పొట్టంత."

గుమ్మంలో ఎవరో నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. "తప్పు చేయనివాడికి భయం దేనికి?"

"అదే నాకూ తెలీదు సార్. కానీ భయపడుతున్నారు, ఒక్కొక్కరూ ఒక్కో అంగుళం. కొలిచే చెప్తున్నాను."

అతను గొంతు తగ్గించాడు. "మళ్ళీ పెట్టెయ్. నేను చూడలేదనుకుంటా."

"పెట్టను సార్."

"అయితే సీలు వెయ్యాలి."

"మీ పని మీరు చేసుకోండి. మిషను బయట పెట్టుకోనివ్వండి చాలు."

గుమ్మంలో ఉన్న డ్రైవరు వచ్చి మిషనుని ఒక వైపు పట్టుకున్నాడు, నేనొక వైపు. పక్కనున్న మందుల షాపాయన కొట్టు వదిలేసి వచ్చి స్టూలు భుజాన వేసుకున్నాడు. అక్క కత్తెరలు చీరకొంగులో మూటగట్టి ముందు నడిచింది. తన ఇంటికి చేరగానే వరండాకి అడ్డంగా పాత దుప్పటి కట్టింది.

"ఊఁ, ఎవరు ముందు?" అంది.