కాగు దిగిన చలికాలం

గీజరు బిగించిన మర్నాడు కూడా నాకు ఐదింటికే మెలకువ వచ్చింది. పదిహేడేళ్ల అలవాటు. పెరట్లోకి వెళ్లి కట్టెల పొయ్యి ముందు కూర్చున్నాక గానీ, ఇక దాన్ని ముట్టించే పని లేదని గుర్తు రాలేదు. దాని మీద ఎప్పుడూ ఉండే రాగి కాగు లేదు. మా అత్తమ్మ నర్సింహమ్మ ముందు రోజే దాన్ని నాచేత తోమించి, అటక మీద బోర్లించి పెట్టించింది. చేతిలోని అగ్గిపెట్టెను పొయ్యి గట్టున పెట్టేశాను.

చలికాలమంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. మా మామ లింగం పొగలు కక్కే నీళ్లు వీపు మీద పోసుకుంటూ, "స్నానమంటే చలికాలంలనే చెయ్యాలె" అంటాడు. తర్వాత వాకిట్లో ఎండ పడే చోట కుర్చీ వేయించుకుని పదింటిదాకా కదలడు. అత్తమ్మకు పెనం మీంచి అప్పుడే దించిన సర్వపిండి కావాలి. నా భర్త మహిధర్ మహేశ్వరం దగ్గర వెంచర్లో ప్లాట్లు అమ్ముతాడు. ఆయనకు దూది రజాయి ఉంటే చాలు, ఎనిమిదింటిదాకా లేవడు. "గీ రజాయిల ఉన్న సుఖం ఇంకేడ లేదు జ్యోతీ" అంటూ దాన్ని చెవులదాకా లాక్కుంటాడు. పదో తరగతి చదివే మా హర్షిత కూడా తండ్రికి తగ్గ బిడ్డే.

వాళ్లంతా అంత ఇష్టపడే చలికాలాన్ని రోజూ చీకట్లో లేచి తయారు చేసేది నేను. కాగు అడుగుకు బూడిద పూసి, నీళ్లు మోసి నింపి, మంచుకు తడిసిన కట్టెలను ఊది ఊది మండించి, ఒకరి తర్వాత ఒకరికి బకెట్లు నింపి ఇచ్చేదాన్ని. నా వంతు వచ్చేసరికి కాగు అడుగున రెండు చెంబుల గోరువెచ్చని నీళ్లు మిగిలేవి. తొమ్మిదింటికి నేను పనిచేసే జిరాక్స్ సెంటరుకు పరుగెత్తితే, ఓనరు ముక్కు ఎగబీల్చి, "జర సెంటు గింటు కొట్టుకొని రా జ్యోతమ్మా, పొగ వాసనొస్తున్నది. కస్టమర్లొస్తుంటరు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వేసేదాన్ని. జనం తగ్గాక కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేదాన్ని.

గీజరు నా కోసం వచ్చిందనుకునేరు. దసరాకు ఇంటికి కొత్తగా రంగులు వేయించారు. పొయ్యి వెలిగిస్తే పెరటి గోడకు మసి పడుతుందని మహిధర్‌కు బెంగ పట్టుకుంది. పదిహేడేళ్లు నా కళ్లు మండినా రాని గీజరు, గోడ ఖరాబవుతుందనగానే మూడు రోజుల్లో వచ్చింది. ఆ గోడకు దండం పెట్టాలి.

ఆ పొద్దున ఏం చేయాలో తోచక వీధి తలుపు గడియ తీశాను. వీధి కనిపించలేదు. ఎదురింటి గేటు లేదు, కరెంటు స్తంభం లేదు, అన్నిటినీ మంచు మింగేసింది. భయం వేయాలి నిజానికి. వేయలేదు. శాలువా తల మీదుగా కప్పుకుని నడుస్తూ పోయాను. పది నిమిషాల్లో పెద్ద చెరువు కట్ట ఎక్కాను. అత్తగారింటికి వచ్చినప్పటి నుంచీ ఆ చెరువును చూస్తూనే ఉన్నాను, బస్సు కిటికీలోంచి, ఎండ పూట, టైమైపోతోందన్న హడావుడిలో.

మొదట ఏమీ లేదు. నీళ్లేవో ఆకాశమేదో తేడా తెలియలేదు. పిట్టల అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి, వందలో వేలో. తూర్పున తెలుపు మెల్లగా పసుపైంది. పసుపు ఎరుపయ్యేలోగా మంచు కొంచెం పైకి లేచింది, దాని కిందంతా చెరువు. నీళ్ల మీంచి ఆవిరి లేస్తోంది. ఇన్నేళ్లూ నాకు తెలిసిన ఆవిరి కాగు మీద లేచేదే. ఇక్కడ చూపు ఆనినంత మేరా చెరువు చెరువంతా ఆవిరి కక్కుతోంది, కింద మంట లేదు, కట్టెలు లేవు, వంగి ఊదే మనిషి లేదు. కట్ట మీద ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. బాధతో కాదు. ఇంత పెద్ద సంగతి నా ఇంటికి పది నిమిషాల దూరంలో ప్రతి చలికాలమూ జరుగుతూనే ఉంది. నేను మాత్రం ఇన్నేళ్లూ గోడ వైపు మొహం పెట్టి పొయ్యి ఊదుతూ కూర్చున్నాను.

"ఎవరింటి కోడలివి బిడ్డా? గట్ల కూసున్నవేంది?"

వెనక్కి తిరిగితే ఒక ముసలామె. కట్ట మొదట్లో పుల్లలు పోగేసి మంట పెట్టుకుని, పక్కన కందికాయల మూట ఉంచుకుంది. పేరు రేణుకమ్మ అని తర్వాత తెలిసింది. చేనులో కాయ కోసి, మొదటి బస్సుకు హయత్‌నగర్ తీసుకెళ్లి అమ్ముతుంది.

"లింగం కోడలిని అవ్వా. పొద్దు పొడుసుడు చూస్తున్న."

"ఎన్నడు చూడలేదా?"

"చలికాలంల చూడలే."

ఆమె నవ్వలేదు. జరిగి, మంట దగ్గర చోటిచ్చింది. నేను చేతులు చాపాను. ఒక మంట ముందు కూర్చుని ఎవరికీ ఏమీ కాచకుండా, వండకుండా, ఊరికే చేతులు కాచుకోవడం నాకదే మొదలు. ఆమె నాలుగు కందికాయలు నిప్పుల్లో వేసి, కాలాక నా అరచేతిలో పెట్టింది. వాటి తీపి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

అప్పటి నుంచి రోజూ పోయాను. ఒక్క రోజూ ఒకలా లేదు. ఒక రోజు పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, చెరువు మీద తిరిగి, మళ్లీ అదే చోట దిగాయి. ఎందుకు లేచాయో ఎందుకు దిగాయో తెలియలేదు గానీ, ఆ రెక్కల చప్పుడు ఇంటిదాకా నా చెవుల్లోనే ఉంది. ఏడింటికల్లా ఇంటికొచ్చి సర్వపిండి కాల్చేదాన్ని, డబ్బాలు సర్దేదాన్ని. ఎవరికీ ఏ లోటూ రాలేదు, పెరుగుకు తప్ప.

పెరుగు సంగతి నాకూ తట్టలేదు. చలికాలం రాత్రి తోడేసిన పాలు తెల్లారేసరికి గట్టిపడవు. ఐదింటికి పొయ్యి ముట్టించగానే పెరుగు డబ్బాను పొయ్యి గట్టున పెట్టేదాన్ని. ఆ వేడికి ఎనిమిదింటికల్లా తోడుకునేది. పాలను పెరుగు చేసేది చెంచాడు మజ్జిగ కాదు, నా పొయ్యి అని పొయ్యి ఆరాక గానీ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పది రోజులు ఎలాగో సాగింది. చలి ముదిరాక మామ కంచంలోకి పెరుగు నీళ్లలా జారింది.

"పెరుగా గిది? పాలా?" అన్నాడు మామ, కంచం పక్కకు తోస్తూ.

ఆ రాత్రి డబ్బాకు నా పాత శాలువా చుట్టి బియ్యం డబ్బాలో దించాను. ఉదయం అదే వరస. అత్తమ్మ పెదవి విరిచింది. "శాలువాలు కప్పితె ఏమైతది? కింద వెచ్చగ ఉండాలె. రేపటి సంది పొయ్యి ముట్టియ్యి."

"గోడకు మసి పడతదన్నరు గదా?" అన్నాను.

"జర ముందుకు జరిపి ముట్టియ్యి" అన్నాడు మహిధర్, ఫోనులోంచి తల ఎత్తకుండా. "పొద్దుగాల ఊకెనే తిరుగుతున్నవంట గదా. గంట సేపు పొయ్యి కాడ కూసుంటె నీదేం పోతది?"

ఏం పోతుందో చెప్పడానికి నోరు తెరిచాను. చెరువు ఆవిరి, ఆ రెక్కల చప్పుడు, అరచేతిలో నాలుగు కందికాయలు. ఏది చెప్పినా పనికిమాలిన మాటలాగే వినిపిస్తుంది. పదిహేడేళ్లలో నాకు దొరికింది ఆ ఒక్క గంట. దాన్ని పెరుగుకు ఇచ్చేయమంటున్నారు. ఆ పూట జిరాక్స్ సెంటర్లో ఎవరి ఆధార్ కార్డో ఒకటికి నాలుగు కాపీలు తీశాను. సాయంత్రం బస్సు దిగుతున్న రేణుకమ్మ ఎదురైతే, పొయ్యి ముట్టించాలన్నారు, రేపటి నుంచి రానని చెప్పాను.

మర్నాడు ఐదింటికి లేచాను. పెరట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడ్డాను. అగ్గిపుల్ల గీయబోయి, మా గదిలో శాలువా మరిచిపోయానని వెనక్కి వచ్చాను. మంచం మీద చీకట్లో శాలువా కోసం తడుముతుంటే నా చేయి మహిధర్ రజాయి కిందికి పోయింది. అబ్బ, ఎంత వెచ్చగా ఉందో. నేను పక్కన లేకపోయినా ఏం తగ్గలేదు.

వంటింట్లోకి వెళ్లి, మూత గట్టిగా బిగిసే పెరుగు డబ్బా తెచ్చి, పాత తువ్వాలు చుట్టి, ఆయన పొట్ట పక్కన రజాయిలో దోపాను.

ఉలిక్కిపడ్డాడు. "ఏందే ఇది?"

"పెరుగు."

"మంచంల పెరుగేందే?"

"కింద వెచ్చగ ఉండాలన్నది గదా అత్తమ్మ. ఇంట్ల గింత వెచ్చని జాగ ఇంకేడ లేదు. ఎట్లనో ఎనిమిదిదాక పండుకుంటవ్. జర కదలకు, కదిలితె చెదురుతది."

ఆయన డబ్బా ఎక్కడ ఒరిగిపోతుందోనని రెండు చేతులతో పట్టుకున్నాడు. రజాయి ఆయన మెడదాకా సర్ది, శాలువా కప్పుకుని బయటపడ్డాను. వీధిలో మంచు నిన్నటికన్నా చిక్కగా ఉంది. నవ్వుకుంటూ, చలికి వణుకుతూ, దాదాపు పరుగెత్తుతూ కట్ట ఎక్కాను. తూర్పున అప్పుడప్పుడే పసుపు మొదలైంది. చెరువు ఆవిరి కక్కుతోంది.

రేణుకమ్మ నా కోసం పీటలాంటి రాయి ఒకటి మంట దగ్గరికి జరిపి పెట్టింది. "ఇయ్యాల్టి సంది రానంటివి?" అంది. "పొయ్యి ముట్టియ్యాలన్నరని?"

"ముట్టిచ్చే వచ్చిన అవ్వా" అన్నాను, చేతులు మంట మీదికి చాపుతూ. "ఎనిమిదిదాక ఆరదు."